తలంటిన తలకు క్రీము రాయరాదు

గుంటూరులో డిగ్రీ చదివినన్నాళ్లూ నేను కళాశాల చర్చా పోటీల్లో మాట్లాడాను. ఏ పక్షాన నిలబడాలో వేదిక ఎక్కే ముందు చీటీ తీసి తేల్చడం మా కళాశాల ఆనవాయితీ. అందువల్ల మద్యనిషేధం కావాలనీ, అక్కర్లేదనీ ఒకే వారంలో ఒకే ఆవేశంతో వాదించిన ఘనత నాకుంది. ఈ శిక్షణ మనిషికి రెండు అలవాట్లు చేస్తుంది. ఎదుటివారు ఏమన్నా ‘ఎందుకు?’ అని అడగడం మొదటిది. జవాబు పూర్తికాకముందే ఖండనకు మాటలు సమకూర్చుకోవడం రెండోది. మొదటిదాన్ని మా అధ్యాపకులు మెచ్చుకునేవారు. రెండోదాన్ని కనిపెట్టింది మా పిన్ని ఒక్కతే.

పిన్ని ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్‌లో ఆసుపత్రి నర్సు. ఉపాధ్యాయ శిక్షణకని నేను ఆమె ఇంటికి చేరింది ఎనభైల చివర్లో. పొడుగాటి స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు అది. కింద కారు, బట్టలుతికే తొట్టి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పైన మేము. గాలి వస్తే ఇల్లంతా వచ్చేది, రాకపోతే ఎక్కడా ఉండేది కాదు. వానలు మొదలవడానికి ముందు అక్కడ కొన్ని వారాలపాటు ఆకాశం నల్లగా కమ్ముకుని, ఉరిమి, ఒక్క చుక్క కూడా రాల్చకుండా వెళ్లిపోతుంది. ఆ ఉక్కను స్థానికులు ‘బిల్డప్’ అంటారు. ఇంత సన్నాహం చేసి అసలు విషయానికి రాని వక్తలను నేను పోటీల్లో చాలామందిని చూశాను కాబట్టి ఆ పేరు నాకు వెంటనే నచ్చింది.

పక్కింటివాళ్లు ఫిజీ తెలుగువాళ్లు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపునుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లారు. ఫిజీలో ప్రభుత్వం తలకిందులైన తరువాత ఈ కుటుంబం డార్విన్ వచ్చింది. ఇంటికి పెద్ద నాయనమ్మ. ఆమె ఆంధ్రదేశాన్ని ఎన్నడూ చూడలేదు, కానీ ఆమె నోట శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు. ఆమె కోడలు ఫిజీ దీవుల మూలవాసి. అత్తగారితో ఇన్నేళ్లు కాపురం చేసిన పుణ్యాన ఆవిడా అదే యాసలో మాట్లాడేది. మా చర్చికి వచ్చే కోస్తా కుటుంబాల పిల్లలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లిషులో జవాబిచ్చే ఆ ఊళ్లో, తెలుగులో కసురుకోగలిగిన ఫిజీ ఆవిడ ఉండటం నాకు మహా గొప్పగా అనిపించేది.

ఆ ఇంటి ఆడపిల్ల నాకంటే కొంచెం పెద్దది. ఆసుపత్రిలో వార్డు గుమస్తా. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను లాయరమ్మా అనేది. తండ్రి ముక్కు, నాయనమ్మ నోరు, తల్లి జుట్టు ఆమెకు వచ్చాయి. సన్నని తీగను పెన్సిలుకు చుట్టి వదిలినట్టు ప్రతి వెంట్రుకా బిగువుగా మెలితిరిగి ఉండేది. ఒక పాయను పట్టి లాగితే నడివీపు దాకా వచ్చేది. వదిలితే గెంతి చెవి దగ్గర కూర్చునేది. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు. చూపించి చూపించి ఆమెకే విసుగు పుట్టింది.

ఆమెకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు సిడ్నీలో స్థిరపడిన ఫిజీ తెలుగు అబ్బాయి. ఒక మధ్యాహ్నం మా ఇంటి కింద కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని ఆమె ప్రకటించింది:

“నా పెళ్లికి పూలజడ ఏసుకుంటాను. అందుకని ముందు హెయిర్ స్ట్రెయిట్ సేయించుకుంటాను.”

“ఎందుకు?” అన్నాను.

“వచ్చేసింది లాయరమ్మ.”

“నిజంగానే అడుగుతున్నా అక్కా. నీ జుట్టుకేం తక్కువ? అబ్బాయి ఏమైనా అన్నాడా?”

“ఫోన్లో అడిగినాను. ‘యూ లుక్ ఫైన్’ అన్నాడు. ఆడి మాటకేటి, ఆడికి లాన్‌మోవర్ కూడా ఫైన్‌గానే ఉంటాది.”

“అత్తగారు అన్నారా?”

“ఆవిడ నన్ను చూసినప్పుడల్లా ‘ఈ పిల్ల తిండి తినదా’ అంటాది. ఇంకా జుట్టు దాకా ఎక్కలేదు.”

అడిగినవాళ్లెవరూ లేకపోతే నా వాదానికి సగం బలం పోయినట్టే. అయినా మిగిలిన సగంతో లేచి నిలబడ్డాను. ఒక జాతి జుట్టును కొలబద్దగా పెట్టి మరో జాతి జుట్టును కొలవడం అన్యాయమని, అందం అనే మాటకు నిర్వచనం రాసినవాళ్ల తలల మీద ఏ జుట్టు ఉండేదో ముందు విచారించాలని, ఒక రోజు అలంకారం కోసం పుట్టుకతో వచ్చిన రూపాన్ని క్షారంతో కరిగించుకోవడం స్వేచ్ఛ కాదు లొంగుబాటు అని క్రమపద్ధతిలో నిరూపించాను. ఇప్పటికీ అందులో ఒక్క వాక్యాన్నీ ఉపసంహరించుకోను. అక్క చిప్స్ పొట్లం ఖాళీ చేస్తూ ఓపికగా వింది.

“అయిపోయిందా? నీ జుట్టు ఎక్కడిదాకా?”

“నడుం దాకా.”

“పూలజడ ఎప్పుడైనా ఏసుకున్నావా?”

“మా పెద్దమ్మ కూతురి పెళ్లికి.”

“బాగుందా?”

“... బాగానే ఉంది.”

“మరింకేటి నీ గోల! కడుపునిండా బిరియానీ తినేసి వచ్చి, ఆకలిగా ఉన్నదానికి ఉపవాసం గురించి సెప్తన్నావు.”

ఈ చర్చకు పిన్నే న్యాయనిర్ణేత. డ్యూటీ నుంచి వచ్చి మెట్లమీదే బూట్లు విప్పుకుంటూ తీర్పు చెప్పింది: “దాని తల, దాని ఇష్టం. నువ్వు పైకెళ్లి రైస్ పెట్టు.”

అక్క నవ్వలేదు. కుర్చీలోనే పక్కకు తిరిగి, కుడి చెవి వెనక జుట్టు ఒత్తి చూపించింది. అక్కడ రూపాయి బిళ్లంత మేర చర్మం నున్నగా మెరిసింది. ఫిజీ రాజధాని సువాలో హైస్కూలు రోజుల్లో ఒక స్నేహితురాలు జుట్టు సాపుచేసే క్రీము తెచ్చి రాసిందట. రాసి, ఇద్దరూ కబుర్లలో పడ్డారట. మంట పుడితే ‘పని చేస్తోంది’ అనుకున్నారట. పుండు మానింది గానీ ఆ చోట మళ్లీ వెంట్రుక మొలవలేదు.

“అందుకే మీరు రాస్తేనే రాయించుకుంటాను, ఆంటీ,” అంది పిన్నితో. “నాకు స్ట్రెయిట్ హెయిర్ కావాలి. తల కూడా కావాలి. రెండూ కావాలి.”

పిన్ని ఆ మచ్చను వేలితో తడిమి, “మంటంటే పని చేయడం కాదే పిచ్చిదానా, మంటంటే కాలడం,” అంది. ఆ రోజునుంచి అది మా ఇంటి బాధ్యత అయింది.

మొదట అక్క ఊళ్లోని ఒక బ్యూటీ పార్లర్‌కు వెళ్లింది. అక్కడామె అలాంటి జుట్టు మీద తాను ఎన్నడూ చేయి వేయలేదని, తెలియని పని చేసి డబ్బు తీసుకోలేనని చెప్పి పంపించింది. నా దృష్టిలో అది గౌరవించదగిన నిజాయితీ. అక్క దృష్టిలో బస్సు చార్జీ దండగ. తరువాత, ఇనుప దువ్వెనను పొయ్యిమీద వేడిచేసి దువ్వే పాత పద్ధతిని నాయనమ్మ సూచించింది. ఎక్కువ వేడెక్కకుండా ముందు తెల్లకాగితం మీద ఆనించి చూసి, కాగితం రంగు మారనప్పుడు మాత్రమే పిన్ని ఒక్క పాయ దువ్వింది. అద్భుతంగా సాగింది. అక్క ఆ ఒక్క పాయనూ ఊపుకుంటూ వీధి చివర పోస్టుడబ్బా దాకా వెళ్లి వచ్చేసరికి, డార్విన్ గాలిలోని తేమ తన అభిప్రాయం చెప్పేసింది. పాయ మళ్లీ చెవి దగ్గర కూర్చుంది.

ఇక మిగిలింది మెలికలు వదిలించే రిలాక్సర్ క్రీము. పెళ్లికొడుకు సిడ్నీలో, ఆఫ్రికా వాళ్లు సరుకులు కొనుక్కునే ఒక దుకాణంలో వాకబు చేసి పెట్టె పంపించాడు. అందులోని సూచనల కాగితాన్ని నేను ప్రత్యర్థి ప్రసంగపాఠంలా చదివాను, ఎక్కడైనా లోపం దొరుకుతుందేమోనని. దొరకలేదు. అంత బిగువైన రచనను నేను చాలాకాలంగా చదవలేదు. చేతులకు తొడుగులు లేనిదే తాకరాదు. కళ్లలో పడితే కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ముందుగా చర్మం మీద రవ్వంత రాసి చూడాలి, తరువాత ఒక చిన్న పాయ మీద ప్రయత్నించాలి. గోరింటాకో రంగో వేసిన జుట్టుకు వాడరాదు. నుదుటి అంచుకూ చెవులకూ మెడకూ వాజలీన్ పూయాలి. క్రీము జుట్టుకే తగలాలి, చర్మానికి కాదు. చెప్పిన వ్యవధి దాటరాదు. వీటన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఇంకొకటి ఉంది: కొన్ని రోజుల ముందునుంచీ తల రుద్దరాదు, గోకరాదు.

“ఎందుకు?” అన్నాను. ఈసారి పిన్నికి కోపం రాలేదు.

“తలమీద ఊరే జిడ్డుంటుంది చూడు, అదే రెయిన్‌కోట్. రుద్ది కడిగామనుకో, కోట్ విప్పేసినట్టే. గోకితే ఇంకా ఘోరం. గోరు గీత కంటికి కనపడదు, కానీ క్రీముకి దొరుకుతుంది. అక్కడినుంచి లోపలికి దిగుతుంది.”

చర్మం మీద పరీక్ష చేశాం, ఎర్రబడలేదు. అడుగునుంచి ఒక పాయ తీసి ప్రయత్నించాం, తెగలేదు. పెళ్లి ఆదివారం. గురువారం నాడు క్రీము రాయాలని, అంతవరకూ అక్క తలమీద ఎవరూ చేయి వేయరాదని నిర్ణయించాం. ఆ ఉక్కలో తల దురద పెట్టకుండా ఉంటుందా? అక్క చేయి పైకి లేచినప్పుడల్లా నేను “తట్టు, గోకకు!” అని అరిచేదాన్ని. ఆసుపత్రి క్యాంటీన్‌లో కూడా అరిచాను. ఆమె అరచేత్తో తల తట్టుకుంటూ, “పెళ్లయ్యాక నీ నోటికి కూడా ఒక క్రీము రాస్తాను,” అనేది.

గురువారం పొద్దున పిన్ని సెలవు పెట్టుకుంది. తువ్వాళ్లు, తొడుగులు, గడియారం, వాజలీన్ డబ్బా శస్త్రచికిత్సకు పేర్చినట్టు పేర్చాం. అక్క మెట్లెక్కి వచ్చింది. తలకు తువ్వాలు చుట్టి ఉంది. ఆ తువ్వాలుకు పసుపు మరకలున్నాయి. ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే శీకాయ వాసన గదిలోకి వచ్చేసింది.

పిన్ని చేతిలోని దువ్వెన బల్లమీద పెట్టింది.

“తలంటు పోశారా?”

“ఇయ్యాల పెళ్లికూతుర్ని సేసినారు, ఆంటీ,” అంది అక్క, తానేదో కిటికీ అద్దం పగలగొట్టినట్టు. “నాకు తెలీదు. తెల్లారకుండానే లేపి పీట మీద కూకోబెట్టేసినారు. అయిదుగురు ఆంటీలు. వద్దని సెప్తే వింటారా? నోట్లో బెల్లం పెట్టేసినారు.”

పిన్ని తువ్వాలు విప్పి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పాయ పాయ విడదీసి చూసింది. నేనూ చూశాను. పాపిట పక్కన సన్నని ఎర్ర గీతలు, నడినెత్తిన కందిన చారలు.

“గోళ్లతో రుద్దారా?”

“మా నాయనమ్మ గోళ్లు మీరు సూడనేదా, ఆంటీ?”

ఆ గోళ్ల యజమానురాలు అప్పటికే మెట్లెక్కి వస్తోంది, వెనక కోడలు. మా ముఖాలు చూసి నాయనమ్మ ఆగింది.

“ఏటయింది? ఏటలా సూస్తారు?”

ఇక్కడ నేను చేయగలిగిన పని ఒకటి ఉంది కాబట్టి చేశాను. నాయనమ్మకు విషయాన్ని అంచెలంచెలుగా వివరించాను. తలంటు వల్ల చర్మం కవచం పోయిందని, గీతలు పడ్డాయని, ఇప్పుడు క్రీము రాస్తే కాలుతుందని చెప్పాను. చివర ఒక ప్రశ్న వేశాను: “అసలు పెళ్లికూతురికి తలంటు ఎందుకు పోయాలి, నాయనమ్మా?”

“ఎందుకేటి, గుంటూరమ్మీ? పెళ్లికూతుర్ని మురికితలతో పీట మీద కూకోబెడతారేటి? ఎందుకు ఎందుకని అడిగితే పెళ్లెందుకు, పిల్లలెందుకు? తలంటు పోసినాను. మీ పిన్నమ్మ ఇచ్చిన శీకాయపొడే ఏసినాను.”

అది నిజం. కిందటి ఏడు ఊరినుంచి తిరిగివస్తూ, కస్టమ్స్ వాళ్లతో వాదించి మరీ తెచ్చి, నాయనమ్మకు బహుమతిగా ఇచ్చింది పిన్నే. పిన్ని కళ్లు మూసుకుని ముక్కు వేళ్లతో నొక్కుకుంది. తలంటు ఉంటుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టకపోవడానికి కారణం ఏమీ లేదు. కిరస్తానీ ఇళ్లలోనూ పెళ్లికి నలుగుపెట్టి తలంటుతారు. నాయనమ్మకు క్రీము సంగతి తెలుసు, మాకు తలంటు సంగతి తెలుసు. రెండూ ఒకే తలమీద జరుగుతాయని ఎవరం ఆలోచించలేదు.

“రాసెయ్యండి, ఆంటీ,” అంది అక్క. “మంటకి ఓర్చుకుంటాను.”

“ఓర్చుకునే రకం కాదే అది.”

“కొంచెమే రాయండి. పైపైన.”

“చర్మానికి తగలకుండా రాయడం నా చేతిలో ఉంది. కడిగేటప్పుడు కారకుండా ఆపడం నా చేతిలో లేదు. నేను రాయను.”

అక్క కొంతసేపు ఆ పెట్టె మూతను తెరిచి మూసింది. తరువాత నా వైపు తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

“హ్యాపీనా, లాయరమ్మా? నీ సైడే గెలిసింది.”

చీటీ తీసి పక్షం నిర్ణయించుకునే పద్ధతిలో ఒక సుఖం ఉంది. ఓడినా గెలిచినా, ఆ చీటీతోపాటు ఫలితాన్ని కూడా చెత్తబుట్టలో వేసి ఇంటికి పోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పెళ్లి ఆమెది, తల ఆమెది, ఇన్ని రోజులు దురదకు తట్టుకున్నది ఆమె. నేను వద్దన్న పని నా మాటవల్ల ఆగలేదు. తొందరపాటు తలంటు వల్ల ఆగింది. దాన్ని గెలుపంటే నా వాదానికే అవమానం.

“ఇది తీర్పు కాదక్కా, వాయిదా,” అన్నాను. “నీ తల మానాక, నీకు అప్పటికీ కావాలనిపిస్తే రాద్దాం. గడియారం నేనే పట్టుకుంటా.”

“నువ్వా?”

“నేనే. నాకంటే బాగా అభ్యంతరాలు చెప్పేవాళ్లు నీకు దొరుకుతారా?”

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె తల్లి ముందుకు వచ్చింది. “పూలజడ ఆగదు,” అంది. “నాను ఏస్తాను. నువ్వు ముక్కు తుడుసుకో.” తడి జుట్టుకు కొబ్బరినూనె రాసి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో మొనలనుంచి పైకి చిక్కు తీసి, సన్నసన్న జడలు అల్లి వదిలింది. శనివారం సాయంత్రం వాటిని విప్పితే జుట్టు మెత్తబడి, పొడవుగా సాగి ఉంది. దానికి పిన్ని తన పెట్టెలోంచి సవరం తీసి జోడించింది. ‘ఈ సవరం లేకుండా మా ఇంట్లో ఒక్క పెళ్లీ జరగలేదు, నీకంటే ముందు మూడు పూలజడలు మోసింది’ అని అక్కను ఓదార్చింది. ఆదివారం మా చర్చి ఆవరణలోని నూరువరహాలు, మల్లెలు కలిపి కుట్టిన జడతో ఆమె పీటల మీద కూర్చుంది. బాగుంది. అందరూ బాగుందన్నారు. పెళ్లికొడుకు ‘ఫైన్’ అన్నాడు.

అంతటితో ముచ్చట తీరిపోయిందని నేను అనుకున్నాను. పెళ్లికొడుకు అద్దె ఇల్లు చూడటానికి ముందుగా సిడ్నీ వెళ్లాడు. అక్క ఆసుపత్రిలో రాజీనామా గడువు పూర్తి చేసేందుకు ఉండిపోయింది. తల పూర్తిగా మానిందని పిన్ని చెప్పిన మరుసటి వారమే అక్క పెట్టె చంకన పెట్టుకుని దిగింది.

“పెళ్లి అయిపోయింది కదా?” అన్నాను. “పూలజడ కూడా అయింది. ఇప్పుడెందుకు?”

“అప్పుడంటే పెళ్లికోసం. ఇప్పుడు ఊరికే.”

“ఊరికేనా?”

“ఊరికే. ఎప్పుడూ సూడని పండు కొనుక్కోవా నువ్వు? నచ్చకపోతే మళ్లీ ఎదుగుతాది. నా జుట్టు ఎక్కడికీ పోదు, లోపలే ఉంటాది.”

‘ఊరికే’ అన్న వాదానికి ఖండన మా కళాశాలలో ఎవరూ నేర్పలేదు. నేను గడియారం తెచ్చాను.

ఈసారి నాయనమ్మకు ముందే చెప్పాం. చెప్పడమేమిటి, పిన్ని స్వయంగా వెళ్లి, నోట్లో బెల్లం పెట్టి మరీ చెప్పి వచ్చింది. అక్క అన్ని రోజులూ తల తడపలేదు, గోకలేదు. శనివారం మధ్యాహ్నం మా ఇంటి కింద, తొట్టి పక్కన, గాలి ఆడేచోట కుర్చీ వేశాం. నాయనమ్మ గోళ్లు కత్తిరించుకుని వచ్చి, నమ్మకం కుదరడానికి పది వేళ్లూ మాకు చూపించి, దూరంగా కూర్చుంది.

తల్లి వచ్చి కూతురి వెనక నిలబడి, “తులో,” అంది మెల్లగా. ఫిజీలో వాళ్ల ఊళ్లో మనిషి తలను ఊరకే తాకకూడదట. తల గౌరవస్థానం, తాకేముందు మన్నించమని అడగాలట. పిన్ని తొడుగులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగి, “తులో,” అని తానూ అంది. ఇన్నేళ్లుగా రోగుల తలలు తాకుతున్నా తనకెవరూ ఈ మాట నేర్పలేదంది. ‘ఎందుకు?’ అని నేను అడగని ఆచారం అదొక్కటే.

నుదురు, చెవులు, మెడ, చెవి వెనక ఆ పాత మచ్చ అన్నీ వాజలీన్‌తో మెరిశాయి. జుట్టును నాలుగు భాగాలు చేశారు. తల్లి పాయ పట్టుకోవడం, పిన్ని దువ్వెన వెనకవైపుతో క్రీము పూయడం. వెనకనుంచి మొదలుపెట్టి, సున్నితంగా ఉండే నుదుటి అంచును చివరికి వదిలారు. ఘాటు వాసన లేచింది. నేను గడియారం చూస్తూ, రేడియోలో వార్తలు చదివినట్టు నిమిషాలు ప్రకటించాను. పాయలు ఒక్కొక్కటే బిగువు వదిలి, విశ్రాంతిగా పడుకోవడం కనిపించింది.

అక్క కబుర్లు చెబుతూనే ఉంది. సిడ్నీలో ఎక్కడ ఇల్లు దొరికిందో, అక్కడ చలికి ఏం చేయాలో చెబుతోంది. అంతలో ఆమె కాలివేళ్లు సిమెంటు మీద ముడుచుకోవడం నేను చూశాను.

“అక్కా, మండుతోందా?”

“లేదు.”

“నీ కాళ్లు అబద్ధం చెప్పడం లేదు.”

“కొంచెం. మెడ దగ్గర. టైముంది కదా! ఇంకా ఉంగరాలు పోనేదు. ఆగు సెల్లీ, కొంచెం ఆగు.”

గడియారం ప్రకారం నిజంగానే కాలం మిగిలి ఉంది. పిన్ని నా వైపు చూసింది. “టైమ్‌కీపర్ నువ్వు,” అంది.

“పెట్టె మీద రాసిన కాలం ఇంతకు మించరాదని చెబుతోంది,” అన్నాను. “ఇంతవరకు ఉండితీరాలని చెప్పడం లేదు. రెండూ కావాలన్నావు కదక్కా, జుట్టూ తలా. ఇప్పుడు ఆపితేనే రెండూ ఉంటాయి. కడిగేయండి.”

అక్క ఏదో అనబోయి, చేత్తో చెవి వెనక తడుముకోబోయి, ఆగిపోయింది. తనంతట తానే తొట్టి మీదికి వంగింది.

గోరువెచ్చని నీళ్లు ధారగా పోశాం. నేను పోశాను, తల్లి కళ్లకు తువ్వాలు అడ్డం పెట్టింది, పిన్ని వేళ్ల మొనలతో, గోళ్లు తగలకుండా, కడిగింది. క్రీముతోపాటు వచ్చిన ప్రత్యేకమైన షాంపూ రాస్తే నురుగు గులాబీరంగులో వచ్చింది. క్షారం ఇంకా మిగిలి ఉందనడానికి అది గుర్తు. కడిగి మళ్లీ రాశాం. నురుగు పూర్తిగా తెల్లబడేదాకా అలా చేస్తూనే ఉన్నాం. నాయనమ్మ దూరంనుంచే, “తలంటు కన్నా ఎక్కువ నీళ్లు పోస్తన్నారు, మళ్లీ నన్నంటారు,” అంది.

తువ్వాలుతో అద్ది, పిన్ని టార్చిలైటు వేసి తలంతా వెతికింది. మెడ దగ్గర ఒకచోట లేత గులాబీ రంగు తప్ప ఇంకేమీ లేదు. అదీ సాయంత్రానికి పోయింది. “క్లీన్,” అంది పిన్ని. ఆపరేషన్ గదినుంచి వచ్చి బంధువులతో చెప్పినట్టు చెప్పింది. ఇకమీద కొత్తగా ఎదిగిన జుట్టుకే తప్ప సాపైనదానికి మళ్లీ రాయించుకోవద్దని, వారాల తరబడి విరామం ఇవ్వాలని, సిడ్నీలో ఎవరి చేతుల్లో పెట్టినా ఈ మచ్చ ముందు చూపించమని వరసగా చెప్పుకొచ్చింది. అక్క వినలేదు. తన జుట్టు మాట వింటోంది.

అది పూర్తిగా సాపు కాలేదు. పోటు తగ్గాక మా సముద్రతీరంలో ఇసుక మీద మిగిలే గీతల్లా సన్నని అలలు మిగిలాయి. అక్క తల ఒకవైపు వంచింది. జుట్టు అటు జారింది. ఇటు వంచింది, ఇటు జారింది. వీపు మీద పడగానే ఉలిక్కిపడి, “ఏదో పాకతన్నాది!” అని అరిచి, మళ్లీ తనే నవ్వింది. తల్లి ఒక పాయను పట్టి లాగి వదిలింది. అది గెంతలేదు. వేలాడింది. తల్లి ముఖంలో ఒక క్షణం ఏదో కదిలింది. తరువాత ఆవిడ కూతురి తలమీద ముద్దు పెట్టుకుని, తువ్వాళ్లు ఏరడానికి వెళ్లింది.

ఇన్నాళ్ల నిగ్రహం తరువాత నాయనమ్మకు అనుమతి దొరికింది. ఆవిడ కుర్చీ ఈడ్చుకుని వచ్చి, మనవరాలి వెనక చేరి, మూడు పాయలు తీసి జడ అల్లడం మొదలుపెట్టింది. రెండు మడతలు వేసేసరికి మొదటిది విడిపోయింది. మళ్లీ వేసింది. మళ్లీ విడిపోయింది.

“ఏటే ఇది? పట్టు నేదు, బిగువు నేదు. జారిపోతన్నాది.”

“జారనీ, నాయనమ్మా,” అంది అక్క, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని. “కాసేపు జారనీ.”